ఎవ్వరూ అందుకోని పాట

పోయిన చలికాలం మొదట్లో వారం రోజులు సెలవు పెట్టి, డోలక్ సంచి భుజాన వేసుకుని, ఖమ్మం నుంచి భద్రాచలం అవతలి అడవి దాకా పాటలు వింటూ తిరిగి వచ్చాను. వినడానికి పోయానని అందరికీ చెప్పాను గానీ, అది సగమే నిజం. వినడం నాకు చేతకాదు. ఎవరైనా పాడుతుంటే నా వేళ్లు తొడ మీద కొట్టుకుంటూనే ఉంటాయి. పాట చివరి చరణానికి రాకముందే మనసు తర్వాతి పాట దగ్గర నిలబడి ఎదురుచూస్తుంటుంది. అన్నం దగ్గరా అంతే. ముద్ద నోట్లో ఉండగానే చెయ్యి కడగడానికి లేస్తానని మా ఆవిడ అంటుంది. డోలక్ ముందు కూర్చుంటే ఈ గుణం దాచుకోవడానికి చోటుండదు. నేను మొదలుపెట్టే నడక ఒకటి, ముగించే నడక ఇంకొకటి.

మా వైపు టికెట్లూ స్టేజీలూ లేని పాట చాలా ఉంది. సాయంత్రమైతే అరుగుల మీద, మేడల మీద, గుడి వెనక, ఊరి మధ్య కూర్చుని పాడుకుంటారు. ఎవరైనా పోయి పక్కన కూర్చోవచ్చు. పోనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పోయినవాడు అక్కడ ఎట్లా ఉండకూడదో కూడా ఇందులోనే ఉంది.

ఖమ్మం: కొత్త మూత

బయలుదేరే ముందు డోలక్ తోలు మూత మార్పించాలి. ఖిల్లా కింది సందులో మస్తాన్ భాయ్ దుకాణం. వాళ్ల తాతల నాటి నుంచి పెళ్లి బ్యాండ్లకు డ్రమ్ములు, డోలక్‌లు బాగుచేసే ఇల్లు. నా డోలక్ చూడగానే తల పట్టుకున్నాడు.

"ఏంది శీను సాబ్, మళ్ల చినిగిందా? వాయిస్తున్నవా, ఎవరి మీదనన్న కోపం తీర్చుకుంటున్నవా?"

"జల్దీ చెయ్యి భాయ్. సాయంత్రం కూర్చునేది ఉంది."

"గిదే నీతోని పరేషాన్. నీ అసొంటోడు బ్యాండుల ఉంటే, గుర్రం మీద పెండ్లికొడుకు ముహూర్తం కంటె ముందల పోయి తాళి కట్టి ఇంటికొస్తడు."

పక్క దుకాణంవాళ్లు కూడా నవ్వారు. ఆరువందలు తీసుకుని, పది రూపాయల చాయ్ నాకు తనే తాగించి పంపాడు.

సాయంత్రం కూర్చున్నది మేముండే పేట ఖానాపురం హవేలిలోనే, ఒక మేడ మీది టీ కొట్టులో. అక్కడ టీ ముప్పై రూపాయలు. ఆ పై డబ్బులు వెలుతురు తగ్గించినందుకు అనుకుంటాను. శనివారాల్లో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు గిటార్లు పట్టుకుని చేరతారు. దాన్ని వాళ్లు జామ్ అంటారు. ఒకరు మొదలుపెడతారు, వచ్చినవాళ్లు కలుస్తారు. నేనూ కలిశాను. రెండో పాట సగంలో గిటారు వాయించే అమ్మాయి ఆపేసి, చాలా మర్యాదగా, "అంకుల్, ఫోన్లో క్లిక్ పెట్టుకుందామా?" అంది. టిక్కు టిక్కుమని ఫోన్ లెక్క చెబుతుంటే మళ్లీ మొదలుపెట్టాం. కాసేపటికి ఆ టిక్కు నా వెనక ఎక్కడో వినబడింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మిర్చి బజ్జీ తింటూ, ఈ కాలపు పిల్లలకు ఊపు తెలియదని మనసులో అనుకున్నాను కూడా.

కొత్తగూడెం: ఎల్లయ్య అరుగు

కొత్తగూడెంలో మా అక్క ఇల్లు. బావ రాజేశం చాలా ఏళ్లు బొగ్గు గనిలో దిగి, రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, ఆ వెనక గల్లీలోనే చిన్న ఇల్లు కట్టుకున్నాడు. పాటల కూడిక మాత్రం ఇంకా క్వార్టర్లలోనే, హార్మోనియం ఎల్లయ్య అరుగు మీద. మంగళవారం, ఆదివారం. తత్వాలు, జానపదాలు, పాత సినిమా పాటలు, ఏదైనా పాడతారు. షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చినవాళ్ల తలల నుంచి సబ్బు వాసన వస్తుంటుంది.

ఆ గుంపులో ఒక ఆచారం ఉంది. ముందు పాడేవాడికి దగ్గొచ్చినా, మాట మరిచినా, పక్కనున్నవాడు సరిగ్గా అక్కడే అందుకుంటాడు. పాట కింద పడకూడదు. ఒకడి చేతిలోంచి జారింది ఇంకొకడు పట్టుకోవడం గనిలో పనిచేసేవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ బావకు ఊపిరి తగ్గిన తర్వాత ఆ ముచ్చటే ఆయనకు శిక్ష అయింది. ఏ పాట ఎత్తినా రెండో చరణానికి ఆయాసం వస్తుంది, ఎవరో ప్రేమగా అందుకుంటారు, పాట వాళ్ల గొంతులో ముగుస్తుంది. కొన్నాళ్లకు బావ పాడటం మానేసి తాళాలు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

నేను పోయిన రోజు చాయ్ తాగుతూ అన్నాడు. "ఒక్కసారి, బామ్మర్ది. మా నాయిన పాట మొదటి మాట నుంచి చివరి మాట దాకా నేనే పాడాలె. ఎవ్వడు అందుకోవద్దు. ఆ తర్వాత మళ్ల పాడకపోయినా నాకు రంది లేదు."

వాళ్ల నాయిన గోదావరి మీద పడవ నడిపినవాడు. ఆ పాట ఆయనే కట్టుకున్నాడు. "నిమ్మలంగ పోవే పడవా, నా ఇల్లు ఎటు పోదే" అని మొదలవుతుంది. చివరి చరణంలో పడవ ఒడ్డు తగిలే దాకా సాగే పొడుగాటి మాట ఒకటుంది. బావ తప్ప ఆ పాట మొత్తం వచ్చినవాళ్లు ఎవరూ లేరు. మిగతావాళ్లకు అందుకునేంత వరకే వచ్చు.

అక్క వంటింట్లోంచి నన్ను పిలిచి, సర్వపిండి గిన్నె చేతిలో పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది. "పాడనియ్యకురా. డాక్టరు పాడొచ్చు అన్నడు గని, ఆయాసం వస్తే ఆగాలె అన్నడు. గీ మనిషికి పాటల ఆగుడు తెల్వదు. చలి గూడ మొదలైంది."

సరేనన్నాను. సర్వపిండి తింటూనే ఎల్లయ్య అరుగు మీద ఏమేం వాయించాలో లెక్కపెట్టుకున్నాను.

ఆ సాయంత్రం బావ పాట ఎత్తాడు. డోలక్ ఎప్పుడూ వాయించే సమ్మయ్య చేతిలోంచి "ఇటియ్యన్నా, మా బావ పాటకు నేనే" అని లాక్కున్నాను. మొదటి చరణం బాగా నడిచింది. రెండో చరణంలో నా చేతులు నన్ను దాటి పోతున్నాయని నాకే తెలిసింది. తెలిసీ ఆపలేదు. ఎదురుగా కూర్చున్నవాళ్లు తలలూపుతున్నారు, అదొక నిషా. బావ మెడ నరాలు ఉబ్బడం చూశాను. అదీ చూశాను. మూడో చరణంలో ఆయన మాట తెగింది. ఎల్లయ్య నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. నాకు రాని చోట్ల ఏదో కల్పించి, గట్టిగా, చివరి దాకా పాడి, పెద్ద ముక్తాయింపు కొట్టి ఆపాను. చప్పట్లు పడ్డాయి.

"నిమ్మలంగ పొమ్మన్న పడవకు మోటరు పెట్టినవు కదనే శీనూ!" అన్నాడు ఎల్లయ్య.

అరుగంతా నవ్వింది. బావ కూడా నవ్వి, తాళాలు గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. ఆయన నవ్వకుండా తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చాక అక్క అన్నది ఇదే. "పాడనియ్యకని చెప్పిన. నువ్వు పాడనిచ్చినవు. మళ్ల పాడనియ్యలే. రెండిట్ల ఒకటన్న సక్కగ చెయ్యరాదురా?"

 

పాల్వంచ: బస్సు దిగినవాడు

భద్రాచలంలో ఒక భజన బృందానికి వస్తానని బావ ముందే మాటిచ్చి ఉన్నాడు కాబట్టి నాతో బయలుదేరాడు. అక్క ఊపిరి పంపు తెచ్చి ఆయన జేబులో కాదు, నా జేబులో పెట్టింది. అది నమ్మకమో, శిక్షో అర్థం కాలేదు. బస్సులో బావ కిటికీలోంచి కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు చూస్తూ కూర్చున్నాడు. మాఫీ అడుగుదామని నేను నోరు తెరవడం, కండక్టరో పల్లీలమ్మేవాళ్లో రావడం, ఊరుకోవడం.

పాల్వంచలో బస్సు ఆగగానే కూర్చోలేక దిగాను. ఉల్లిగడ్డ పకోడీ వేడిగా తీస్తున్నారు. ఇరవై రూపాయల పొట్లం చేతిలోకి వచ్చేసరికి బస్సు కదిలింది. పకోడీలు రోడ్డు పాలు చేస్తూ పరుగెత్తాను. వంద గజాలు పోయి బస్సు దానంతటదే ఆగింది. ఎక్కగానే కండక్టర్ అందుకున్నాడు.

"ఏం సార్, గీ వయసుల పకోడీ కోసం పరుగులా? మీ పెద్దమనిషి లోపల డోలు కొట్టి బస్సు ఆపిండు, తెలుసా? డ్రైవర్ ఏ ఊరేగింపో అనుకున్నడు."

బావ ఒడిలో నా డోలక్ ఉంది. మిగిలిన పకోడీలు ఆయన ముందు పెట్టాను. ఒకటి తీసుకుని, "చల్లబడ్డయి" అన్నాడు. ముందు రోజు సాయంత్రం నుంచి నాతో ఆయన అన్న మొదటి మాట అదే.

భద్రాచలం: తాళాలు

ఆ రోజుల్లో భద్రాచలం నల్లబట్టల స్వాములతో నిండి ఉంటుంది. గోదావరి తగ్గి ఇసుక తేలింది. మా ఖమ్మంలో భజన అంటే మైకు ముందు, మనిషి తర్వాత. ఇక్కడ కరకట్ట పక్కన సందుల్లో మైకు లేకుండా పాడతారు. పాడేవాళ్ల మధ్యలోంచే కూరగాయల బండ్లు పోతుంటాయి, ఎవరూ విసుక్కోరు. పూలమ్మే ఒకామె బేరం మధ్యలో కోరస్ అందుకుని, మళ్లీ బేరంలోకి వచ్చింది. మూర ఇరవై అన్న పూలు ఆ పాట అయ్యేసరికి పదిహేనుకు దిగాయి.

బావను చూసి ఆమెకు సంబరమైంది. "రాజేశమన్నా! ఎన్నాళ్లయింది. పడవ పాట పాడవా?"

"గొంతు బాగలేదమ్మా."

"బాగలేకుంటే మేమందుకుంటం గదా, పాడు."

బావ నవ్వి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. ఆ సాయంత్రమంతా ఆయన తాళాలు వేశాడు, నేను డోలక్ సంచి విప్పలేదు. విప్పమని ఎవరూ అడగకపోవడం నన్ను తినేసింది. అంత తప్పు చేసి కూడా నా బాధ నన్ను వాయించమనలేదనే. లాడ్జి గదిలో బావ మూలుగు లాంటి ఊపిరి వింటూ పడుకున్నాను. ఇక్కడి నుంచే ఒంటరిగా ఇంటికి పోదామా అనిపించింది. పారిపోవడం కూడా నాకు అలవాటైన తొందరే.

చర్ల దారి: చిక్కుడుకాయ పండుగ

పోలేదు, ఎందుకంటే లక్ష్మయ్య పొద్దున్నే ఆటో తీసుకుని వచ్చేశాడు. బావతో గనిలో పనిచేసిన కోయ మనిషి. వాళ్ల ఊరు చర్ల దారిలో అడవిలోకి ఉంటుంది. కొత్త చిక్కుడుకాయ పండుగ. కాయ పందిరి నిండా కాసినా, ఊరి పెద్ద దేవతకు పెట్టి పండుగ చేసే దాకా ఎవరూ కోసి తినరు. నేనైతే మార్కెట్‌కు కొత్త కాయ వచ్చిన రోజే, కిలో నూట ఇరవై అయినా, కొనకుండా ఉండలేను.

మధ్యాహ్నం చిక్కుడుకాయ కూర, నాటుకోడి పులుసు, అన్నం మోదుగాకు విస్తళ్లలో వడ్డించారు. మనవైపు పిలిచినవాళ్లు ఇంకొంచెం ఇంకొంచెం అని బతిమాలకపోతే మర్యాద తక్కువైనట్టు. అక్కడ గిన్నె మధ్యలో పెట్టి ఊరుకున్నారు. కావాలంటే పెట్టుకోవాలి. నేను మొదటిసారి నిదానంగా తిన్నాను. మర్యాద వల్ల కాదు. పులుసు నాలుక కాల్చింది.

పొద్దు వాలుతుండగా డోళ్లు మొదలయ్యాయి. ఆడవాళ్లు ఒకరి నడుం మీద ఒకరు చేతులు వేసుకుని వరుస కట్టారు. ముందున్నామె ఒక మాట పాడితే వరుసంతా తిరిగి పాడుతుంది, అడుగు వేస్తుంది. పాట వాళ్ల భాషలో. లక్ష్మయ్య భార్య "రా అన్నా, ఊకె కూసుంటవా" అని నన్ను వరుస చివర నిలబెట్టింది. నా పక్కన లక్ష్మయ్య తల్లి. నేను అడుగు ముందే వేసేవాణ్ణి. వరుస తూలేది. ముసలమ్మ ఏదో అంది. అందరూ విరగబడి నవ్వారు.

"ఏమంటున్నది?" అన్నాను.

"నీ దూడ గిట్ల తప్పిపోయిందా అంటున్నది," అన్నాడు లక్ష్మయ్య. "ఎటో ఎతుక్కుంట ఉరుకుతున్నవట."

డోళ్లవాళ్లు నా కాళ్లు చూసి దరువు తగ్గించారు. ఊరి పండుగలో ఊరి నడక నా కోసం తగ్గింది. 

కాసేపటికి పాడుతున్నామె మాట మధ్యలో ఆగిపోయింది. దాహమేసినట్టుంది, వరుస వదిలి బిందె దగ్గరికి పోయింది. నాకు పాట రాదు, భాష రాదు, అయినా అందుకోవడానికి నోరు తెరుచుకుంది. వరుసలో ఎవరూ పాడలేదు. డోలు నడుస్తూనే ఉంది, కాళ్లు ఉన్నచోటే ఆడుతున్నాయి. ఆమె నీళ్లు తాగి, మొహం తుడుచుకుని, చంటిపిల్లతో ఏదో మాట్లాడి, తీరిగ్గా వచ్చి వరుసలో చెయ్యి కలిపి, ఆగిన మాట దగ్గర మళ్లీ ఎత్తుకుంది.

మంచం మీద కూర్చున్న బావ లేచి నిలబడ్డాడు.

"లచ్చన్నా, గామె పోతే ఇంకొకలు పాడరా?"

"ఎందుకు పాడతరు? పాట ఆమెది గదా. వస్తది," అన్నాడు లక్ష్మయ్య. ఆయనకు ఆ ప్రశ్నే వింతగా ఉంది.

తిరుగు దారిలో ఆటో గతుకుల్లో ఎగురుతుంటే బావ నా మోకాలి మీద కొట్టి అన్నాడు. "చూసినవా? నీళ్లు తాగొచ్చింది. పాటకేం కాలే."

"బావా, మొన్న నేను..."

"మొన్న సంగతి మొన్ననే. ఆదివారం పాడత. సమ్మయ్యకు సెకండ్ షిఫ్ట్. డోలక్ నువ్వే."

"నేనా? నా సంగతి తెలిసీ?"

"తెలిసే చెప్తున్న. ఇంకెవలున్నరు?"

మళ్లీ కొత్తగూడెం: ఆదివారం

మధ్య రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. అక్క వాళ్లింట్లో మంచం కోళ్ల మీద, నీళ్ల డ్రమ్ము మీద, ఒకటే నడక కొట్టుకుంటూ కూర్చున్నాను. కొంచెం సేపటికే పరుగు. మళ్లీ మొదలు. అక్క "గా డ్రమ్ము ఏం పాపం చేసిందిరా" అని అరిచింది. నేను మారానని ఎక్కడా అనిపించలేదు.

ఆదివారం ఎండ పోకముందే కూర్చున్నాం. బావ తన షరతు చెప్పాడు. తను ఆగితే ఆగనియ్యాలి, ఎవరూ అందుకోకూడదు. ఎల్లయ్య హార్మోనియం మూసేశాడు.

"గదెట్ల రాజన్నా? నువ్వు ఎగపోస్తుంటే మేం నోరు మూసుకొని చూడాల్నా? ఇన్నేండ్ల సంది ఈ అరుగు మీద పాట కింద పడలే."

"ఎల్లన్నా, డాక్టరేమో ఆగమంటడు. మీరు ఆగొద్దంటరు. ఎవల మాట వినాల్నో నువ్వే చెప్పు."

"పాడకు మరి!" అంది గడప దగ్గర నిలబడ్డ అక్క. ఆమె ఎప్పుడూ ఆ కూడికకు రాదు. పంపు నా జేబులోంచి తీసుకుని ఆమే పట్టుకుంది.

"పాడకుంట ఉండి చూసిన గదనే," అన్నాడు బావ. "గది ఇంక కష్టమున్నది."

అక్క అరుగెక్కి ఆయన పక్కన కూర్చుంది. ఎల్లయ్య సణుక్కుంటూ హార్మోనియం తెరిచాడు.

బావ ఎత్తాడు. నేను ఆయన భుజాలు చూస్తూ వాయించాను. భుజం లేచినప్పుడు ఊపిరి, దిగినప్పుడు మాట. రెండో చరణంలో నా చేతులకు దురద పుట్టింది. అబద్ధమెందుకు, ఒకచోట పరుగందుకున్నాను కూడా. బావ చూపుడు వేలు నేలమీద ఒకసారి ఆనించాడు. వెనక్కి వచ్చాను. మూడో చరణం దాటింది. కిందటిసారి తెగిన చోటు దాటింది. చివరి చరణం, ఆ పొడుగాటి మాట సగంలో ఆగిపోయాడు.

ఆయాసం. మెడ ముందుకు వంగింది. అరుగు మీద అందరి నోళ్లూ తెరుచుకోవడం చూశాను. అలవాటు అది, కుట్ర కాదు. ఎల్లయ్య గొంతులో మొదటి అక్షరం వచ్చేసింది కూడా. అక్క బావ వైపు చూస్తూనే, అరచెయ్యి ఎత్తి గుంపు వైపు చాపింది. అందరూ ఊరుకున్నారు. రెండో చేత్తో పంపు అందించింది. బావ పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. కళ్లు మూసుకున్నాడు.

నా చేతుల కింద డోలక్ నడుస్తూనే ఉంది. ఖాళీగా, ఏ పనితనమూ లేకుండా, ఒక్కటే నడక. అంత బరువు నేనెప్పుడూ మోయలేదు. ఆయన ఇంక పాడడేమో అనిపించింది. అంతకంటే పెద్దది ఏదైనా జరుగుతుందేమో అనిపించింది. ముక్తాయింపు కొట్టి ముగిస్తే అందరూ బతికిపోతారని చేతులు చెబుతున్నాయి. క్వార్టర్ల వైపు ఎవరో పాల కోసం గిన్నె తీసుకుని పోతున్నారు. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేశారు. ఒక పూర్తి పాట పట్టేంత సేపయిందనిపించింది, కాకపోవచ్చు.

బావ భుజం లేచింది. మాట ఎక్కడ ఆగిందో, ఆ అక్షరం దగ్గరే పట్టుకున్నాడు. గొంతు బొంగురుపోయింది, శ్రుతికి కింది నుంచి వచ్చి చేరింది. గాలి తగ్గుతూ తగ్గుతూ, ఆ మాట చివరికి మామూలుగా మాట్లాడినట్టయింది. ఆ తర్వాత ఆయన గొంతు వినబడలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముగిసిందో, మళ్లీ ఆగాడో ఎవరికీ తెలియలేదు. పాట మొత్తం తెలిసినవాడు ఆయనొక్కడే. ఎల్లయ్య వేళ్లు శ్రుతి మీదే ఉన్నాయి. అక్క చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. నేను ఆయన భుజాలనే చూస్తూ, అదే నడక, మళ్లీ అదే నడక, వాయిస్తూ పోయాను.

బావ కళ్లు తెరిచి మా అందరినీ ఒకసారి చూశాడు.

"ఒరేయ్ శీనూ," అన్నాడు. "అయిపోయిందిరా. ఇగ ఆపు."